కెర్నల్ అక్కడే తిరుగుతోందా? టిక్స్ ఎంతో చూడండి

అందరికీ నమస్కారం. రాయగడ నుంచి మాట్లాడుతున్నాను. గుణుపూర్, పర్లాకిమిడి వైపు ఇంజనీరింగ్ చదివే మన తెలుగు పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, నేను రాసిన కెర్నల్ బూట్ అవుతోంది, 'ఒక సెకను ఆగుతున్నా' అని ప్రింట్ చేస్తోంది, ఇక కదలట్లేదు." కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం. బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లిష్ ఎలాగూ తప్పవు, ఈ ఒక్కటీ మన భాషలో చూసేద్దాం.

కోడ్ మధ్యలో పది ప్రింట్‌లు ఇరికించే అలవాటు ముందు మానండి. క్యూఎము (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఉంది కదా, దాన్ని వాడుకుందాం. కెర్నల్‌ని డీబగ్ సమాచారంతో, అంటే హైఫన్ జీ పెట్టి కంపైల్ చేసి, క్యూఎము కమాండ్ చివర హైఫన్ చిన్న ఎస్ తగిలించండి. డీబగ్గర్ వచ్చి కలిసేందుకు 1234 పోర్టు తెరుచుకుంటుంది.

కెర్నల్ ఆగిపోయాక పక్క టెర్మినల్‌లో, సీపీయూ వాడకం చూపే టాప్ కమాండ్ కొట్టి చూడండి. క్యూఎము ఒక కోర్‌ని నూటికి నూరు శాతం తినేస్తుంటే అది లూప్‌లో తిరుగుతోంది. సీపీయూ వాడకం దాదాపు సున్నా అయితే హాల్ట్ ఇన్‌స్ట్రక్షన్ మీద పడుకుని ఉండొచ్చు. మనది మొదటి రకం.

ఇప్పుడు జీడీబీలో (నడుస్తున్న ప్రోగ్రాంని ఆపి లోపల చూసే డీబగ్గర్) మన కెర్నల్ ఫైల్ తెరిచి 'టార్గెట్ రిమోట్ కోలన్ 1234' కొట్టండి. కనెక్ట్ అవ్వగానే కెర్నల్ ఉన్నచోటే ఆగుతుంది. బీటీ (ఏ ఫంక్షన్‌లో ఉన్నామో చూపే కమాండ్) కొడితే స్లీప్ ఫంక్షన్ కనిపించింది. అందులో ఉన్నది ఒకే లైను: టిక్స్ అనే లెక్క టార్గెట్‌ని చేరేదాకా వైల్ లూప్. టైమర్ ఇంటరప్ట్ (టైమర్ సీపీయూని తట్టి పిలిచే సిగ్నల్) వచ్చినప్పుడల్లా టిక్స్ ఒకటి పెరగాలి.

ఇక 'ప్రింట్ టిక్స్' కొట్టండి. కంటిన్యూ, కంట్రోల్ సీ, మళ్లీ ప్రింట్. రెండుమూడు సార్లు చేస్తే చాలు, అసలు దొంగ ఎవరో ఆ అంకె చెప్పేస్తుంది.

సున్నా దగ్గరే ఉందా? ఇంటరప్ట్ అసలు రావట్లేదు. 'ఇన్ఫో రిజిస్టర్స్ ఈఫ్లాగ్స్' కొట్టి ఐఎఫ్ (ఇంటరప్ట్‌లు తీసుకోవచ్చని సీపీయూకి చెప్పే గుర్తు) ఉందో లేదో చూడండి. లేకపోతే దాన్ని ఆన్ చేసే ఎస్‌టీఐ ఇన్‌స్ట్రక్షన్ మర్చిపోయారు, లేదా ఇంటరప్ట్‌లు ఆపేసిన చోట నుంచి స్లీప్‌ని పిలిచారు. ఐఎఫ్ ఉంటే పీఐసీలో (ఇంటరప్ట్‌లను సీపీయూకి అందించే చిప్) టైమర్ లైన్ మాస్క్ అయిందేమో, అంటే మూసేసి ఉందేమో చూసుకోండి.

ఒకటి దగ్గర ఆగిందా? నాకు ఇష్టమైన బగ్ ఇదే. మొదటి ఇంటరప్ట్ వచ్చింది, హ్యాండ్లర్ నడిచింది, కానీ పని అయిపోయిందని పీఐసీకి చెప్పలేదు. రాయగడ స్టేషన్ నుంచి లైన్ క్లియర్ ఇవ్వకపోతే పక్కనున్న సింగపూర్ రోడ్ స్టేషన్‌లో రైలు బండి కదలదు కదా, అదే కథ. టైమర్‌ది పై ప్రాధాన్యం కాబట్టి కీబోర్డు కూడా చచ్చిపడి ఉంటుంది. హ్యాండ్లర్ చివర 0x20 పోర్టుకి 0x20 రాస్తే సరి.

పెరుగుతూనే ఉందా, అయినా లూప్ వదలట్లేదా? 'సెట్ వేర్ టిక్స్ ఈక్వల్స్ 99999' కొట్టి కంటిన్యూ చేయండి. టార్గెట్ ఎప్పుడో దాటింది, అయినా బయటికి రాదు! కంట్రోల్ సీతో ఆపి 'ఎక్స్ స్లాష్ 2 ఎక్స్ బీ డాలర్ పీసీ' కొట్టి, సీపీయూ ఆగిన చోట ఉన్న రెండు బైట్లు చూడండి: 0xeb, 0xfe. తన మీదికి తానే దూకే జంప్ అది. కంపైల్ చేసేటప్పుడు ఓ2 (కోడ్‌ని వేగంగా మార్చే ఆప్షన్) పెట్టారు కాబట్టి, లూప్ లోపల టిక్స్‌ని ఎవరూ మార్చట్లేదని జీసీసీ కంపైలర్ దాన్ని ఒక్కసారి చదివి వదిలేసింది. తప్పు దానిది కాదు, ఇంటరప్ట్ సంగతి మనం చెప్పలేదు. టిక్స్ డిక్లరేషన్‌లో వోలటైల్ పెట్టండి, అంటే ప్రతిసారీ మెమరీ నుంచి మళ్లీ చదవమని చెప్పడం. ఓ2 తీసి ఓ0కి (ఆ వేగం పెంచే మార్పులు లేకుండా) మార్చి "బాగైపోయింది" అనుకోకండి, బగ్ అక్కడే ఉంటుంది.

లినక్స్ కెర్నల్ మీద పని చేసేవాళ్లకీ దారి ఇదే. బూట్ లైన్‌లో 'నో కేఏఎస్ఎల్ఆర్' (కెర్నల్ చిరునామాని ప్రతి బూట్‌కీ మార్చే పద్ధతిని ఆపేది) పెట్టకపోతే మాత్రం చిరునామాలు కలవక టెన్షన్ పడతారు. అక్కడ సాఫ్ట్ లాకప్ డిటెక్టర్ (కెర్నల్ ఒకచోట ఇరుక్కుంటే కనిపెట్టేది) ఆన్‌లో ఉంటే, మామూలు సెట్టింగ్‌లో 20 సెకన్లు దాటాక ఏ ఫంక్షన్‌లో ఇరుక్కుందో అదే ప్రింట్ చేస్తుంది.

మీ టిక్స్ సున్నానా, ఒకటా, పెరుగుతోందా కామెంట్‌లో పెట్టండి. ఈఫ్లాగ్స్ లైన్ కూడా కాపీ చేయండి, స్క్రీన్ ఫొటో వద్దు.