పేపర్‌కు డబ్బు కట్టే ముందు ఈ సైట్ చూడండి | ఐడియాస్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఎకనామిక్స్ పేపర్ చదువుదామని నొక్కితే 30, 40 డాలర్లు కట్టమంటోందా? కార్డు లోపల పెట్టేయండి. ఈరోజు రివ్యూ ఐడియాస్ సైట్. రెపెక్ అనే ఎకనామిక్స్ పేపర్ల కేటలాగు మీద నడుస్తుంది. లాగిన్ అక్కర్లేదు, ఫీజు లేదు.

ఈ సబ్జెక్టులో పేపర్ జర్నల్‌లో రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే చాలామంది ముందే వర్కింగ్ పేపర్‌గా, అంటే అచ్చుకు ముందటి ముసాయిదాగా బయటపెడతారు. మనక్కావలసింది అదే.

స్క్రీన్ చూడండి. దేశాల ప్రభుత్వ అప్పు, ఆర్థిక వృద్ధి మీద ఎకనామిస్టులు రైన్‌హార్ట్, రోగాఫ్ 2010లో రాసిన పేపర్. టైటిల్‌ను కోట్స్‌లో పెట్టి వెతికాం. జర్నల్ పేజీ వచ్చింది, డౌన్‌లోడ్‌కు తాళం. పక్కన 'రిలేటెడ్ వర్క్స్' ట్యాబ్ నొక్కి 'అదర్ వెర్షన్స్' దగ్గరికి రండి. అదిగో, అమెరికాలోని ఆర్థిక పరిశోధన సంస్థ ఎన్‌బీఈఆర్ పెట్టిన వర్కింగ్ పేపర్ 15639.

ఇక లోపాలు. రెపెక్ దగ్గర పీడీఎఫ్‌లు ఉండవు, లింకులే. అవతలి సంస్థ వెబ్‌సైట్ మార్చిందంటే లింకు చచ్చినట్టే. అప్పుడు రచయిత సొంత పేజీలో వెతకండి. రెండోది, అచ్చయ్యేటప్పుడు టైటిల్ మారితే రెండు వెర్షన్లకూ లంకె కుదరకపోవచ్చు. రచయిత పేరుతో వెతికితే దొరుకుతుంది. వెర్షన్లలో అంకెలు కూడా మారుతుంటాయి, కాబట్టి తేదీ చూడకుండా కోట్ చేయొద్దు.

పెద్ద జర్నల్‌లో వస్తే అన్నీ సరిచూసినట్టే అనుకుంటారు మనోళ్లు. ఈ పేపరే చూడండి. వచ్చింది అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో, కానీ సదస్సు పేపర్ల సంచికలో. మామూలు పేపర్లకు జరిగే రిఫరీ పరిశీలన, అంటే బయటి నిపుణులు సరిచూడటం, దానికి ఉండదు. 2013లో హెర్న్‌డన్, యాష్, పోలిన్ అనే పరిశోధకులు ఆ పేపర్ ఎక్సెల్ షీటు తెరిచి చూస్తే, సగటు ఫార్ములా 49వ వరుస దాకా పోవాల్సింది 44 దగ్గరే ఆగింది. ఐదు దేశాలు గల్లంతు! కొన్ని ఏళ్ల డేటా వదిలేయడం, సగటులో ఒక్కో దేశానికి వెయిట్లు ఇచ్చిన తీరు కూడా కలిసి, అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం అని వచ్చింది. ఈ ముగ్గురూ సరిచేస్తే 2.2 శాతం. అందుకే డేటా ఫైలు ఇచ్చిన పేపర్‌కు నా దగ్గర మార్కులెక్కువ.

తిరుపతిలో ఎస్వీయూ, ఐఐటీ లాంటి ప్రభుత్వ సంస్థల్లో చదివేవాళ్లు ముందు లైబ్రరీలో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' (ప్రభుత్వ సంస్థలకు జర్నళ్లు అందించే కేంద్ర పథకం) లాగిన్ గురించి అడగండి. 2025 జనవరి నుంచి నడుస్తోంది, 30 పబ్లిషర్ల జర్నళ్లున్నాయి. ప్రైవేటు కాలేజీ వాళ్లకు మాత్రం ప్రస్తుతానికి ఐడియాసే దిక్కు.