తెర్కెన్ ఖాతూన్: వియ్యాల రాజకీయంలో ఒక సెల్జుక్ రాణి

అందరికీ నమస్కారం.

పదకొండో శతాబ్దంలో ఇరాన్, ఇరాక్‌లను ఏలిన సెల్జుక్ తురుష్కుల చరిత్ర అనగానే ఆల్ప్ అర్స్లాన్, మాలిక్ షా, వజీరు (ప్రధానమంత్రి) నిజాముల్ ముల్క్ పేర్లే మన చెవిన పడతాయి. ఈ సాయంత్రం నేను సుల్తాన్ మాలిక్ షా భార్య తెర్కెన్ ఖాతూన్ గురించి మాట్లాడతాను. ఆమెను అధికార దాహం ఉన్న మనిషిగా చిత్రించినవాళ్లే ఎక్కువ. ఆ తీర్పు నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఆమె పుట్టిల్లు సమర్‌ఖండ్. తండ్రి కారాఖానిద్ పాలకుడు ఇబ్రహీం తమ్‌గాచ్ ఖాన్. మధ్య ఆసియాలోని అము దర్యా నదికి అవతల వాళ్ల రాజ్యం, ఇవతల సెల్జుక్‌లది. ఇద్దరూ తురుష్కులే, కానీ ఎప్పుడూ సరిహద్దు తగాదాలే. వాటిని సర్దుబాటు చేసుకోవడానికి 1060ల్లో ఆమెను మాలిక్ షాకిచ్చి పెళ్లి చేశారు. అప్పటికి అతను ఇంకా పిల్లవాడు.

ఆ వియ్యం ఏమైనా నిలబడిందా? 1072లో మామ ఆల్ప్ అర్స్లాన్ ఆమె అన్నదమ్ముల్లో ఒకడైన షంసుల్ ముల్క్ మీదికే దండెత్తి వెళ్లి, ఆ దారిలోనే హతమయ్యాడు. 1089లో భర్త సమర్‌ఖండ్‌ను పట్టుకుని ఆమె మేనల్లుడు అహ్మద్ ఖాన్‌ను బందీగా తీసుకెళ్లాడు. పుట్టింటికీ మెట్టింటికీ మధ్య ఆమె పడ్డ వేదన గురించి చరిత్రకారులు ఒక్క ముక్క రాయలేదు.

ఇక ఆమె కూతురు మాహ్ మెలెక్ సంగతి. బాగ్దాద్ ఖలీఫా ముక్తదీ ఆ పిల్లను అడిగితే, తెర్కెన్ వెంటనే ఒప్పుకోలేదు. ఘజనీ, సమర్‌ఖండ్ రాజులు 4,00,000 దీనార్లు ఇస్తామంటున్నారని కబురు పంపింది. చివరికి తురుష్కుల ఆచారం ప్రకారం తల్లిపాల రుణం కింద 50,000 దీనార్లు, మెహర్‌గా 1,00,000 దీనార్లు అడిగింది. దాంతో పాటు మరో షరతు పెట్టింది: ఖలీఫాకు వేరే భార్యగానీ ఉంపుడుగత్తెగానీ ఉండకూడదు. నా దృష్టిలో ఆ బేరమంతటికీ గుండెకాయ ఈ షరతే. తను పడ్డది కూతురు పడకూడదని ఆ తల్లి అనుకుని ఉంటుంది.

1087లో 130 ఒంటెలు, 74 కంచరగాడిదల మీద సారె బాగ్దాద్ చేరింది. మరుసటి ఏడు జాఫర్ పుట్టాడు. కానీ భర్త నన్ను పట్టించుకోవడం లేదని కూతురు కబురు పెట్టింది. కొడుకుతో సెల్జుక్ రాజధాని ఇస్ఫహాన్ తిరిగొచ్చి 1089లో చనిపోయింది. అన్ని షరతులూ పెట్టిన తల్లి ఆ పిల్లను కాపాడుకోలేకపోయింది.

ఆమె కొడుకుల్లో దావూద్, అహ్మద్ చిన్నతనంలోనే పోయారు. మిగిలింది మహమూద్ ఒక్కడే. సవతి జుబైదా కొడుకు బర్కియారుక్ వైపు నిజాముల్ ముల్క్ ఉన్నాడు. రాజ్యవ్యవహారాల్లో ఆడవాళ్ల మాట చెల్లకూడదని ఆయన గట్టిగా రాశాడు కూడా. తెర్కెన్ వైపు ఆమె కార్యదర్శి తాజుల్ ముల్క్. ఇస్ఫహాన్ జామా మసీదుకు దక్షిణాన వజీరు ఒక గుమ్మటం కట్టిస్తే, ఉత్తరాన తాజుల్ ముల్క్ మరొకటి కట్టించాడు. రెండూ ఇప్పటికీ ఉన్నాయి.

1092 అక్టోబరులో వజీరు హత్యకు గురయ్యాడు. ఐదు వారాలకు బాగ్దాద్‌లో సుల్తాన్ చనిపోయాడు. ఆ వార్త బయటికి పొక్కనివ్వకుండా తెర్కెన్ సైన్యానికి డబ్బు పంచి, నాలుగైదేళ్ల మహమూద్‌ను సుల్తాన్‌గా ప్రకటింపజేసింది. ఖలీఫా ఒప్పుకోవడానికి మనవడు జాఫర్‌ను ఆయనకు అప్పగించింది. ఇది నాకు మింగుడుపడని విషయం. తనను పంపినట్టే ఆ పిల్లవాణ్నీ పంపింది. అయినా, సవతి కొడుకు గద్దెనెక్కితే తన కొడుకు గతేమిటో ఆమెకు తెలుసు. భయం లేకుండా ఆలోచించే వీలు ఆమెకు ఎక్కడిది?

1093 జనవరిలో ఇరాన్‌లోని బొరూజెర్ద్ దగ్గర ఆమె సైన్యం బర్కియారుక్ చేతిలో ఓడింది. అప్పుడు బర్కియారుక్ మేనమామ ఇస్మాయిల్‌కు తనను పెళ్లాడమని కబురు పంపింది. ఈసారి ఆ పెళ్లి ఎత్తు ఆమె తనకోసం తానే వేసుకుంది. అదీ కుదరలేదు. 1094లో ఇస్ఫహాన్‌లో చనిపోయింది. కొద్ది రోజులకే మహమూద్ మశూచితో పోయాడు. అదే ఊళ్లో మహమూద్ మనుషుల ఖైదులో ఉండి, కళ్లు పొడిపించుకోవాల్సిన గండం నుంచి ఆ మరణంతో బయటపడ్డ బర్కియారుక్ సుల్తాన్ అయ్యాడు.