కాన్ఫరెన్స్‌లో మాట్లాడబోతున్నారా? 10 నిమిషాలు హాలుకు ఇవ్వండి

నమస్కారం. బెంగళూరులో శనివారం వచ్చిందంటే ఎక్కడో ఒకచోట టెక్ కాన్ఫరెన్స్ ఉంటుంది. తుమకూరు రోడ్డులో బి.ఐ.ఇ.సి. ఎగ్జిబిషన్ సెంటర్ కావచ్చు, నిమ్హాన్స్ కన్వెన్షన్ సెంటర్ కావచ్చు, వైట్‌ఫీల్డ్‌లో ఏదో ఆఫీసు కెఫెటీరియా కావచ్చు. స్టేజీ ఎక్కేవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామందే ఉంటున్నారు. ఈ వీడియో వాళ్ల కోసం. మొదటిసారి మైకు పట్టుకోబోయేవాళ్ల కోసం మరీ ముఖ్యంగా.

మీకు 40 నిమిషాలు ఇస్తే, అందులో కనీసం 10 నిమిషాలు మీరు మాట్లాడకండి. ఆ టైమ్ కింద కూర్చున్నవాళ్లకు ఇచ్చేయండి. చివర్లో ప్రశ్నలకని మిగిల్చే 5 నిమిషాల సంగతి కాదు నేననేది. మధ్యలోనే, విషయం నడుస్తుండగానే ఇవ్వాలి.

"ఉన్న స్లైడ్లకే టైమ్ చాలడం లేదు, ఇంకా 10 నిమిషాలు ఎక్కణ్ణుంచి తేవాలి?" అంటారు. స్లైడ్లు తీసేయండి. మనిషి ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగేది చాలా తక్కువ. 1956లో జార్జ్ మిల్లర్ అనే సైకాలజిస్టు ఏడు అంశాలు, అటూ ఇటూగా అన్నారు. 2001లో నెల్సన్ కోవన్ దాన్ని నాలుగు దాకా తగ్గించారు. మీరు అరగంటలో ఇరవై కొత్త విషయాలు చెబితే ఇరవై చెప్పిన తృప్తి మీకు మిగులుతుంది. వాళ్లకు మాత్రం ఆ నాలుగు కూడా సరిగ్గా మిగలవు.

సరే, ఆ 10 నిమిషాల్లో ఏం చేయాలి? హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి ఒకటి ఉంది. కాసేపు చెప్పాక ఒక ప్రశ్న వేస్తారు, మూడు నాలుగు జవాబులు ఇస్తారు. ఎవరికి వాళ్లు ఆలోచించి ఒకటి ఎంచుకోవాలి. జవాబులు రెండు మూడు వైపులకు చీలిపోతే ఆయన సరైనది వెంటనే చెప్పేయరు. పక్కవాళ్లతో వాదించుకోమంటారు, రెండు నిమిషాల తర్వాత మళ్లీ ఓటు అడుగుతారు. వివరణ ఆ తర్వాతే.

మన టాపిక్‌లో చూద్దాం. మీరు డేటాబేస్‌ల గురించి మాట్లాడుతున్నారనుకోండి. ఇండెక్సు అంటే టేబుల్‌లో కావాల్సిన వరుసను త్వరగా వెతికిపెట్టే సూచిక. "ఒక టేబుల్‌కి ఐదు ఇండెక్సులు పెట్టాం. ఇప్పుడు అందులో కొత్త వరుస చేర్చడం వేగమవుతుందా, నెమ్మదిస్తుందా, తేడా ఏమీ ఉండదా?" అని అడగండి. వేళ్లు చూపించమనండి: ఒకటి, రెండు, మూడు. చెయ్యి పైకెత్తించకండి, గుండె దగ్గరే పెట్టుకోమనండి. అప్పుడు పక్కవాణ్ణి చూసి మార్చుకోరు, తప్పు చెప్పినా నలుగురిలో చిన్నతనం ఉండదు. వరుస చేరిన ప్రతిసారీ ఐదు ఇండెక్సులనూ సరిచేయాలి కాబట్టి పని నెమ్మదిస్తుందని మీరు నేరుగా చెప్పేయొచ్చు, అర నిమిషం చాలు. కానీ వేగమవుతుందని ఒక వేలు చూపించినవాళ్లు ఆ కారణం కోసం ఎదురుచూస్తూ వింటారు. ఆ వినడం వేరు. దీనికి యాప్‌లూ క్యూఆర్ కోడ్‌లూ అక్కర్లేదు, ఐదు వందల మంది ఉన్న హాల్లో వైఫైని నమ్ముకోవద్దనే నేనంటాను.

అష్టావధానం సభకు ఎప్పుడైనా వెళ్లారా? పృచ్ఛకుడు సమస్య ఇచ్చిన క్షణం నుంచి సభలో పద్యం తెలిసినవాళ్లందరూ లోలోపల పూరించుకుంటూనే ఉంటారు. అవధాని పూరణ చెప్పగానే అన్ని చప్పట్లు పడేది అందుకే. తాము కాసేపు దానితో పెనుగులాడారు కాబట్టి ఆ పూరణ విలువ వాళ్లకు తెలుసు.

పక్కవాళ్లతో మాట్లాడించడానికి బెంగళూరులో ఇంకో పెద్ద కారణం ఉంది. ఇక్కడి హాల్లో అనంతపురం నుంచి వచ్చినవాళ్లుంటారు, కడప నుంచి, హుబ్బళ్లి నుంచి, మదురై నుంచి వచ్చినవాళ్లుంటారు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉంటూ మంచి కోడ్ రాస్తున్న పిల్లలు ఎంతమందో. వాళ్లకు సందేహం ఉంటుంది. అందరి ముందూ లేచి మైకులో ఇంగ్లిష్‌లో అడగాలంటే టెన్షన్. అందుకని అడగరు. వచ్చినప్పుడు ఎలా ఉన్నారో అలాగే వెళ్లిపోతారు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. అదే "రెండు నిమిషాలు పక్కవాళ్లతో మాట్లాడండి, ఏ భాషలోనైనా సరే" అని మీరు స్టేజీ మీద నుంచి గట్టిగా అంటే, హాలంతా తెలుగు, కన్నడ, తమిళం, హిందీ మొదలైపోతాయి. "అన్నా, కొత్త వరుస చేర్చడం స్లో అవ్వాలి కదా?" అని ఆ అబ్బాయి పక్కాయనను అడుగుతాడు. ఆ ఒక్క మాటా, "ఏ భాషలోనైనా సరే" అన్నది, దయచేసి మర్చిపోకండి.

ప్రశ్న వేశాక ఆగండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు తరగతి గదులను గమనించి, టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని చూపించారు. 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మెరుగయ్యాయి. స్టేజీ మీద 3 సెకన్లు చాలా పొడవుగా అనిపిస్తాయి. మనసులో లెక్కపెట్టుకోండి.

చివరి రెండు నిమిషాల్లో "థాంక్యూ" స్లైడు వేయకుండా, గుర్తున్న మూడు విషయాలు ఫోన్ చూడకుండా కాగితం మీద రాయమనండి. రోడిగర్, కార్పికే అనే సైకాలజిస్టులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు 5 నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లదే పైచేయి అయింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇలా చేస్తే మీ ఫీడ్‌బ్యాక్ స్టార్లు తగ్గొచ్చు. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ తరగతుల్లో చేసిన అధ్యయనంలో, తామే తలపట్టుకుని లెక్కలు చేసిన విద్యార్థులు పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. కానీ అడిగితే, చక్కటి లెక్చర్ విన్నవాళ్లే ఎక్కువ నేర్చుకున్నామని చెప్పారు. కష్టపడుతున్నప్పుడు అర్థం కానట్టే ఉంటుంది మరి. అందుకని మొదట్లోనే చెప్పేయండి: "మిమ్మల్ని కాస్త ఆలోచింపజేస్తాను, కొంచెం ఇబ్బందిగా ఉండొచ్చు, అది మామూలే."

కాన్ఫరెన్స్ నడిపేవాళ్లు ఈ వీడియో చూస్తుంటే మీకో మనవి. తలుపు దగ్గర స్టార్లు అడిగి, వాటిని బట్టే వచ్చే ఏడాది స్పీకర్లను ఎంచుకోకండి. ప్రతి స్పీకర్ దగ్గరా ఒక ప్రశ్న ముందే తీసుకుని పెట్టుకోండి. వారం తర్వాత దాన్ని వచ్చినవాళ్లందరికీ వాట్సాప్‌లో పంపించండి. వచ్చిన జవాబులను ఆ స్పీకర్‌కు చూపించండి.