లెక్క గోడ మీదుంటే గుసగుసలుండవు

యాంకర్: నమస్కారం. తిరుపతి, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు కుట్టు యూనిట్లు, కలంకారీ బృందాలు నడుపుతూ సహకార సంఘం పెడదామని అనుకుంటున్నవాళ్ళ కోసం ఈ ఎపిసోడ్. సంఘాల లెక్కలు, నియమావళి చూసే అక్క మనతో ఉన్నారు. అక్కా, పనిచేసేవాళ్ళే యజమానులైన చోట మనస్పర్థలు మొదట యాడ పుడతాయి?

అక్క: డబ్బు తక్కువైన చోట కన్నా డబ్బు కనిపించని చోటే ఎక్కువ పుడతాయి తమ్ముడూ. ఆర్డరు ఎంతకు ఒప్పుకున్నారో, ఎంత ముట్టిందో ఇద్దరికే తెలిస్తే మిగతా పదిమంది ఊహించుకుంటారు. ఆ ఊహలే గొడవలవుతాయి.

యాంకర్: పొదుపు సంఘాల్లో మనోళ్ళకు లెక్కల అలవాటు ఉంది కదా?

అక్క: ఉంది, అది పెద్ద బలం. కానీ అక్కడ అప్పు తీసుకున్నాక ఎవరి పని వాళ్ళది. ఇక్కడ పొద్దస్తమానం ఒకే గదిలో పని. కటింగ్ ఆలస్యమైతే కుట్టేవాళ్ళు ఖాళీగా కూర్చోవాలి.

యాంకర్: లెక్క ఎట్ల చూపించాలి? ఒక ఉదాహరణ చెప్పండి.

అక్క: పన్నెండు మంది యూనిట్ అనుకుందాం. నెలకు 3,60,000 వచ్చింది. బట్ట, దారం, అద్దె, కరెంటు పోను 2,10,000 మిగిలింది. అందరూ కలిసి 2,100 గంటలు పనిచేశారు. గంటకు 80 లెక్కన కూలి 1,68,000 పోతే 42,000 మిగులు. అందులో 30 శాతం, అంటే 12,600 రిజర్వుకు, కష్టకాలానికి దాచే సొమ్ముకు. 20 శాతం, అంటే 8,400 మిషన్ల రిపేరుకు. తక్కిన 21,000 గంటల లెక్కన పంచితే గంటకు పది రూపాయలు. 190 గంటలు చేసినామెకు 1,900, 120 గంటలు చేసినామెకు 1,200. చేరేటప్పుడు కట్టిన వాటా సొమ్మును బట్టి కాదు, చేసిన పనిని బట్టి. ఇదంతా ప్రతి నెలా ఐదో తారీఖులోపు చార్టు మీద రాసి గోడకు అంటించాలి, గట్టిగా చదివి వినిపించాలి. చదవలేనివాళ్ళు ఒక్కరున్నా సరే, వినిపించాల్సిందే.

యాంకర్: గంటల లెక్క కాకుండా పీస్ రేటు, అంటే కుట్టిన ఒక్కోదానికి ఇంత అని పెడితే సులువు కదక్కా?

అక్క: చూడ్డానికి సులువే. చెయ్యి వేగమున్నవాళ్ళు తిన్నటి కుట్లుండే సాదా సంచులు ముందు లాక్కుంటారు, జిప్పులు, కాలర్లు మిగిలిపోతాయి. అవి వచ్చినామెకు రోజంతా కష్టపడినా సగం కూలి. పీస్ రేటే కావాలంటే ముందు ప్రతి పనికీ టైము కట్టండి. వేగంగా కుట్టే ఒకరు, మధ్యస్థంగా ఒకరు, కొత్తగా చేరిన ఒకరు, ముగ్గురూ ఒకే రకం సంచి విడివిడిగా కుట్టాలి. ముగ్గురి సగటు మీద రేటు. సాదా సంచికి పది నిమిషాలు, జిప్పు సంచికి ఇరవై ఐదు పడితే, రేటు కూడా రెండున్నర రెట్లుండాలి.

కలంకారీలో ఇది ఇంకా సున్నితం. కలం పట్టి గీసినవాళ్ళకే పేరొస్తుంది. కరక్కాయ, పాలలో బట్ట నానబెట్టేవాళ్ళు, పటిక పూసేవాళ్ళు, పారే నీళ్ళలో ఉతికేవాళ్ళు లేకపోతే రంగే నిలవదు. వాళ్ళ గంటలు కూడా అదే పుస్తకంలో, అదే పేజీలో ఉండాలి. నైపుణ్యానికి ఎక్కువివ్వడం తప్పు కాదు, కానీ ఎంత ఎక్కువో ముందే ఓటేసి రాసుకోవాలి. స్పెయిన్‌లో 1956లో మొదలైన మోండ్రాగన్ సహకార సంఘాల్లో పై జీతం అట్టడుగు జీతానికి మొదట్లో మూడు రెట్లు దాటకూడదన్నారు, తర్వాత ఆరు రెట్ల దాకా పెంచారు. పన్నెండు మంది యూనిట్‌కు ఒకటిన్నర రెట్లు చాలని నా అభిప్రాయం.

యాంకర్: మీటింగుల్లో మాత్రం ఒకరిద్దరే మాట్లాడతారు, మిగతావాళ్ళు తలూపుతారు.

అక్క: పెద్దక్క ముందు చెప్పేస్తే ఇంక ఎవురూ నోరెత్తరు. అందుకే అందరికన్నా కొత్తగా చేరినామె ముందు మాట్లాడాలి, అధ్యక్షురాలు చివర. వారానికి నలభై నిమిషాలు చాలు, నడిపేవాళ్ళు వంతులవారీగా మారాలి. ప్రతిదానికీ మీటింగ్ పెట్టినా విసుగొస్తుంది. 2,000 లోపు ఖర్చు ఆ వారం బాధ్యురాలే తేల్చేయొచ్చు, 20,000 దాకా ముగ్గురి కమిటీ, దాటితే అందరూ. చెక్కు మీద సంతకం పెట్టే ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, అదే మనం మాక్స్ అనేది, దాని కింద రిజిస్టర్ కావడానికే వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం పదిమంది కావాలి. వదినా మరదళ్ళు చేరొద్దని కాదు, డబ్బు తాళం ఒకే ఇంట్లో ఉండొద్దని.

యాంకర్: ఇద్దరికి మాటామాటా పెరిగితే?

అక్క: రెండు రోజుల్లోపు వాళ్ళిద్దరే కూర్చోవాలి. కాకపోతే చెరొకరు నమ్మిన మనిషిని తెచ్చుకుని నలుగురు కూర్చోవాలి. వారం దాటినా తేలకపోతే అందరి ముందుకు. వాట్సాప్ గ్రూపులో మాత్రం వద్దు. రాత్రి పదింటికి పెట్టిన వాయిస్ మెసేజ్ ఇంటిల్లిపాదీ వింటారు. తెల్లారేసరికి గొడవ యూనిట్‌ది కాదు, రెండు ఇళ్ళది.

యాంకర్: చేరేటప్పుడు, వెళ్ళేటప్పుడు?

అక్క: ఆరు నెలలు కలిసి పనిచేశాకే సభ్యత్వం. వాటా 5,000 అనుకుంటే నెలకు 500 చొప్పున పది నెలల్లో కట్టించుకోండి, ఒకేసారి అడిగితే పేదవాళ్ళు గడప దాటి రాలేరు. వెళ్ళిపోయేవాళ్ళ సంగతే ఎక్కువమంది రాసుకోరు. పెళ్ళయి వేరే ఊరెళ్తుంది, ఆరోగ్యం బాగోదు. కట్టిన వాటా ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, మూడు నెలలా ఆరు నెలలా, ఒకేసారా వాయిదాల్లోనా, ఆ ఏడాది మిగులులో ఆమె గంటలకు భాగముందా లేదా, ఇవన్నీ మొదటి సభ్యురాలు చేరే రోజుకే నియమావళిలో ఉండాలి. ఎవరో వెళ్తామన్నాక రాయబోతే, ఏ నియమం రాసినా అది ఆమె మీద రాసినట్టే అవుతుంది.