కాగితానికి ఒక పేరుంటుంది

శ్రోతలందరికీ నమస్కారం.

ఊళ్లో సిమెంటు రోడ్డు వేశారు. రెండు వానాకాలాలు తిరక్కుండానే నడిమికి పగిలింది, కంకర పైకి తేలింది. అరుగుల మీద కూచున్నవాళ్లందరిదీ ఒకటే మాట: దీనికి ఎంత పెట్టారో, ఎంత మిగుల్చుకున్నారో! చివరికి ఒకరు ధైర్యం చేసి సమాచార హక్కు చట్టం కింద అర్జీ రాస్తారు. "మా రోడ్డు ఎందుకు పాడైంది? దీనికి బాధ్యులెవరు? ఇందులో ఎంత అవినీతి జరిగింది?" అని రాస్తారు. నెల్లాళ్లకు జవాబొస్తుంది. "మీరు అడిగినది సమాచారం కిందికి రాదు" అని ఒక్క వాక్యం. అర్జీ పెట్టిన మనిషి అక్కడితో నీరుగారిపోతారు. ఊరు కూడా ఆ సంగతి వదిలేస్తుంది.

ఇక్కడ జరిగిన పొరపాటు చాలా చిన్నది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదంతా ఆ చిన్న పొరపాటు గురించే. సర్కారు కార్యాలయంలో ఉండే ప్రతి కాగితానికీ ఒక పేరుంటుంది. ఆ పేరు పెట్టి అడగండి. మళ్లీ చెబుతున్నాను, కాగితం పేరు పెట్టి అడగండి.

2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం మనకిచ్చింది కార్యాలయంలో ఉన్న రికార్డును చూసే హక్కు, దాని నకలు తీసుకునే హక్కు. లేని కాగితాన్ని కొత్తగా తయారు చేసి ఇమ్మనడానికి, అధికారి అభిప్రాయం చెప్పమనడానికి ఈ చట్టంలో వీలు లేదు. 2011లో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. "ఎందుకు పాడైంది" అన్న ప్రశ్నకు జవాబు ఏ బీరువాలోనూ ఉండదు. కానీ ఆ రోడ్డు ఎంత మందం వేశామని కొలిచారో, ఆ లెక్క మాత్రం బీరువాలో ఉంటుంది. రోడ్డు ఎందుకు పాడైందో ఆ లెక్క చూస్తే మనకే తెలుస్తుంది.

ఒక సిమెంటు రోడ్డు వెనక ఉండే ముఖ్యమైన కాగితాలు నాలుగు. రాసుకునేవాళ్లు రాసుకోండి. మొదటిది పంచాయతీ తీర్మానం. ఈ పని చేపట్టాలని పంచాయతీ సమావేశంలో నిర్ణయించి మినిట్స్ పుస్తకంలో రాసినది. రెండోది అంచనా. మనవాళ్లు ఎస్టిమేటు అంటారు. ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత మందం, ఏ పాళ్లలో కాంక్రీటు, మొత్తం ఎంత ఖర్చు అన్నవన్నీ అందులో ఉంటాయి. మూడోది కొలతల పుస్తకం. కార్యాలయంలో దీన్ని ఎం-బుక్ అంటారు, మీరూ ఆ పేరుతోనే అడగండి. నాలుగోది బిల్లు, దాని చెల్లింపు వోచరు. ఎవరికి, ఏ తేదీన, ఎంత డబ్బు వెళ్లిందో అందులో ఉంటుంది.

ఈ నాలుగింటిలో ప్రాణం ఉన్నది ఎం-బుక్‌లోనే. అందుకే దాని దగ్గర కాసేపు ఆగుదాం.

ఎం-బుక్ పేజీ తెరిస్తే పైన పని పేరు, గుత్తేదారు పేరు, కొలత తీసిన తేదీ ఉంటాయి. కింద అడ్డంగా గడులు. ఒక గడిలో పని వివరం, తరవాత వరసగా సంఖ్య, పొడవు, వెడల్పు, మందం, చివరి గడిలో పరిమాణం. కొలిచింది ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు గారు. దాన్ని తనిఖీ చేసి సంతకం పెట్టేది ఆయన పై ఇంజనీరు, డీఈ గారు. ఈ పేజీలో రాసిన పరిమాణాన్ని బట్టే బిల్లు తయారవుతుంది. అంటే డబ్బుకు పునాది ఈ గడుల్లోని అంకెలే.

ఒక లెక్క చేద్దాం. ఎం-బుక్‌లో పొడవు 100 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మందం 0.15 మీటరు, అంటే 15 సెంటీమీటర్లు, అని రాశారనుకోండి. మూడూ గుణిస్తే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఇప్పుడు మీరు రోడ్డు మీదికి వెళ్లి కొలిచారు. పొడవు సరిపోయింది, వెడల్పు సరిపోయింది, మందం మాత్రం 12 సెంటీమీటర్లే ఉంది. మళ్లీ గుణించండి. 100 ఇంటూ 3 ఇంటూ 0.12. వచ్చేది 36. తేడా 9 ఘనపు మీటర్లు. సిమెంటు, ఇసుక, కంకర ఒకటికి ఒకటిన్నరకు మూడు పాళ్లలో కలిపితే ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది. అంటే 72 బస్తాల సిమెంటు లెక్కలో ఉంది, రోడ్డులో లేదు. మూడు సెంటీమీటర్లంటే రెండు వేళ్ల వెడల్పు కూడా ఉండదు. మోటారు సైకిలు మీద పోతుంటే కంటికి ఆనదు. కాగితం చేతిలో ఉంటే మాత్రం దాచలేరు.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. అంచున మాత్రమే కొలిచి ఊరుకోకండి. అంచుల దగ్గర పలకలు కట్టి పోస్తారు కాబట్టి అక్కడ మందం నిండుగానే ఉంటుంది. కింది నేలను చదును చేయకుండా నడిమి భాగం ఎత్తుగా వదిలేస్తే, లోపల కాంక్రీటు పలచబడిపోతుంది. కుళాయి పైపు కోసం ఎవరైనా రోడ్డు తవ్వినప్పుడు ఆ తవ్విన చోట టేపు పెట్టి చూడండి. మీరుగా రోడ్డుకు చిల్లు పెట్టకండి, అది మీ మీదికే కేసు అవుతుంది. ఇదే చట్టం, సెక్షన్ 2 క్లాజు జె, పనిని తనిఖీ చేయడానికి, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరించి తీసుకోవడానికి పౌరుడికి హక్కిచ్చింది. ఈ హక్కు సంగతి చాలామందికి తెలియదు. అర్జీలో "పని తనిఖీకి, నమూనా తీసుకోవడానికి తేదీ, సమయం తెలియజేయగలరు" అని ఒక్క వాక్యం చేర్చండి, చాలు.

ఇప్పుడు అర్జీ ఎలా రాయాలో చెబుతాను. తెల్ల కాగితం చాలు. తెలుగులోనే రాయండి. "పౌర సమాచార అధికారి గారికి" అని మొదలుపెట్టి, గ్రామ పంచాయతీ పేరు, మండలం, జిల్లా రాయండి. కింద "సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద ఈ కింది రికార్డుల ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు" అనండి. తరవాత పని గుర్తుపట్టేలా రాయండి. ఫలానా వీధిలో, ఫలానా వారి ఇంటి నుంచి రామాలయం వరకు, ఫలానా సంవత్సరంలో వేసిన సిమెంటు రోడ్డు అని. ఆ కింద నాలుగు వరసలు: తీర్మానం, అంచనా, ఎం-బుక్ పేజీలు, బిల్లు వోచరు. మీ పేరు, చిరునామా, సంతకం. అంతే.

ఎందుకు కావాలో రాయనక్కర్లేదు. "ఏటమ్మా, దేనికి?" అని ఎవరైనా అడిగితే, కారణం చెప్పాల్సిన పని లేదని చట్టమే అంటోందని మర్యాదగా చెప్పండి. సెక్షన్ 6(2). గట్టిగా మాట్లాడాల్సిన అవసరం లేదు, ఆ సెక్షన్ అంకె చెబితే చాలు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి సాయం చేయాల్సిన బాధ్యత కూడా ఆ అధికారిదే.

రుసుము సంగతి. మన ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో అర్జీకి రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. నగదు కట్టి రసీదు తీసుకోవచ్చు, కోర్టు ఫీజు స్టాంపు అంటించవచ్చు, పోస్టల్ ఆర్డరు జతచేయవచ్చు. నకలుకు పేజీకి 2 రూపాయలు. మన రోడ్డు ఫైలు ఇరవై పేజీలైతే 40 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు రేషన్ కార్డు నకలు జతచేస్తే ఇవేవీ కట్టనక్కర్లేదు. నకళ్ల డబ్బు ఇంత కట్టమని ఉత్తరం వస్తే వెంటనే కట్టేయండి. ఆ ఉత్తరం పంపిన నాటి నుంచి మీరు కట్టే దాకా పోయిన రోజులు, జవాబివ్వడానికి వాళ్లకున్న 30 రోజుల గడువులో లెక్కకు రావు. చాలా అర్జీలు ఆలస్యమయ్యేది ఇక్కడే.

ఇంకో చోట కూడా అర్జీలు ఇరుక్కుపోతాయి. "పదేళ్ల జమాఖర్చులన్నీ ఇవ్వండి" అని అడగడం. అంత ఎక్కువ అడిగితే సిబ్బంది సమయమంతా దానికే పోతుందని చెప్పి నకళ్లు ఇవ్వరు, వచ్చి చూసుకోండి అంటారు. నిజానికి అది మంచి దారే. మొదటి గంట చూడటానికి రుసుము లేదు. ముందు క్యాష్ బుక్ చూసి, కావాల్సిన వోచరు నంబర్లు రాసుకుని, ఆ నాలుగు పేజీలకే నకళ్లు అడగండి. ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైటులో మీ పంచాయతీ చెల్లింపులు కనిపిస్తాయి. ఫోనులో ముందు అది చూసుకుని వెళ్తే పని ఇంకా సులువు.

మరి ఎం-బుక్ పంచాయతీలో లేదన్నారనుకోండి. అది నిజమే అయ్యుండొచ్చు. సాధారణంగా అది పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ వారి దగ్గర ఉంటుంది. అప్పుడు మీ అర్జీని వాపసు ఇవ్వకూడదు. 5 రోజుల్లోగా సంబంధిత కార్యాలయానికి బదిలీ చేసి, ఆ సంగతి మీకు తెలియజేయాలి. సెక్షన్ 6(3).

ఈ 6(3) మన వైపు వాళ్లకు మరీ ముఖ్యం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు వచ్చాయి. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని పార్వతీపురం మన్యంలో కలిశాయి. అంతకు ముందటి ఫైలు పాత జిల్లా రికార్డు గదిలోనే ఉండిపోయి ఉండొచ్చు. కొత్త జిల్లా వాళ్లు అక్కడ అంటారు, పాత జిల్లా వాళ్లు ఇక్కడ అంటారు. రాజాం మనిషి రెండు కలెక్టరేట్ల మధ్య బస్సు ఛార్జీలు పెట్టుకుని తిరగక్కర్లేదు. ఒకచోట అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. దాన్ని సరైన చోటికి చేర్చాల్సింది వాళ్లే.

భూమి రికార్డుల గురించి కూడా ఒక్క మాట, ఎందుకంటే ఇందులోనూ చిక్కంతా పేరుతోనే. ఊరి బంద, అంటే చిన్న చెరువు, ఎంత ఉండేది, గెడ్డ, అంటే వాగు, ఎక్కడి దాకా ఉండేది అని తెలుసుకోవాలంటే ఇవాళ్టి అడంగల్, 1బి చాలవు. సెటిల్‌మెంటు నాటి పుస్తకం, అంటే పూర్వం భూములు కొలిచి శిస్తు ఖరారు చేసినప్పటి పుస్తకం, చూడాలి. దాని పేరు ఆర్‌ఎస్‌ఆర్ అని ఎవరో చెబుతారు. తహసీల్దారు కార్యాలయంలో అదే అడిగితే "మీ ఊరికి ఆర్‌ఎస్‌ఆర్ లేదు" అని జవాబొస్తుంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. మన వైపు ఎన్నో ఊళ్లు విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి జమీందారీల కింద ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరవాత అలాంటి ఊళ్లలో సర్వే చేసి తయారుచేసిన పుస్తకం పేరు వేరు. దాన్ని సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, ఎస్‌ఎఫ్‌ఏ అంటారు. అందుకని అర్జీలో "ఆర్‌ఎస్‌ఆర్ లేదా ఎస్‌ఎఫ్‌ఏ, ఏది ఉంటే దాని నకలు" అని సర్వే నంబరుతో సహా రాయండి. దానితోపాటు అదే సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ అడగండి. అది కొలతలు వేసిన పటం. పుస్తకంలో విస్తీర్ణం ఉంటుంది, పటంలో హద్దు ఉంటుంది. రెండూ ఉంటేనే సర్వేయరు గారు నేల మీద చూపించగలరు.

జనన, మరణ ధ్రువపత్రాలకు, రిజిస్ట్రేషను దస్తావేజుల నకళ్లకు మాత్రం ఈ చట్టం దాకా వెళ్లకండి. వాటికి వేరే పద్ధతి, వేరే రుసుము ఉన్నాయి. సచివాలయంలోనో, మీసేవలోనో, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోనో అవి త్వరగా దొరుకుతాయి.

ఇక చివరిగా రసీదు. అర్జీ చేతికిస్తే, మీ దగ్గరుంచుకునే నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోవడానికి వెనకాడితే అక్కడ వాదన పెట్టుకోకండి. పోస్టాఫీసుకు వెళ్లి స్పీడ్ పోస్టులో పంపి ఆ చీటీ దాచుకోండి.

ఆ రసీదు వెనక రెండు తేదీలు రాసుకోండి. జూన్ 10న అర్జీ ఇచ్చారనుకోండి. 30 రోజుల గడువు జూలై 10. అదే మీ మొదటి తేదీ. ఆ రోజుకు జవాబు రాకపోతే నిరాకరించినట్టే లెక్క. గడువు దాటాక ఇచ్చే నకళ్లకు పేజీకి 2 రూపాయలు కూడా తీసుకోకూడదు. అక్కడి నుంచి ఇంకో 30 రోజులు, అంటే ఆగస్టు 9. అదే రెండో తేదీ, ఆ లోగా మొదటి అప్పీలు పడాలి. అప్పీలు వినే అధికారి హోదా కార్యాలయం బోర్డు మీద ఉంటుంది. పౌర సమాచార అధికారి పేరు కిందనే చూడండి. అర్జీ నకలు, రసీదు నకలు జతచేసి, "గడువులో జవాబు రాలేదు" అని రెండు వాక్యాలు రాస్తే సరిపోతుంది. ఆయన 30 రోజుల్లో, కారణం రాసి అయితే 45 రోజుల్లోపల తేల్చాలి. అప్పటికీ పని కాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు పెట్టవచ్చు. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 చొప్పున 25 వేల దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది.

చాలా అర్జీలు చచ్చిపోయేది ఆ రెండో తేదీ దాటిపోయాకే. జూలైలో ఊడుపులు, నాట్ల హడావిడిలో పడి ఎవరికీ గుర్తుండదు. అందుకే ఆ రెండు తేదీలు రసీదు వెనక రాసిపెట్టి, ఇంట్లో క్యాలెండరు మీద ఆ అంకెల చుట్టూ సున్నా చుట్టండి.

నమస్కారం.