రెండో భార్య కోసం నీల్ గౌ కట్టిన బాణీ

తమ్ముడు: నమస్కారం. ఇప్పుడు మీరు విన్నది అక్క వాయించిన వయొలిన్. అక్కా, భార్య పోయిన దుఃఖంలో కట్టిన బాణీ అన్నావు కదా, నాకేమో శంకరాభరణంలా వినిపించింది!

అక్క: సరిగ్గానే విన్నావురా. అది డి మేజర్, అంటే పాశ్చాత్య సంగీతంలో మన శంకరాభరణం లాంటి స్వరాల వరస. దుఃఖం అనగానే మన చెవి శివరంజని కోసం వెతుక్కుంటుంది. ఇందులో ఆ ఛాయే ఉండదు. అయినా నాకు వాయించిన ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

తమ్ముడు: ఎవరిదీ బాణీ?

అక్క: నీల్ గౌది. 1727లో పుట్టాడు. స్కాట్లాండ్‌లో డంకెల్డ్ పక్కన ఇన్వర్ అనే చిన్న ఊళ్లో ఉండేవాడు. మొదట నేతపని చేశాడు. తర్వాత వయొలిన్‌తో ఎంత పేరొచ్చిందంటే, అథోల్ డ్యూకులే ఆయన్ని పోషించారు. 1787లో కవి రాబర్ట్ బర్న్స్ వచ్చి కలిశాడు.

తమ్ముడు: కచేరీలు చేసేవాడా?

అక్క: కాదు, డాన్సులకి వాయించేవాడు. స్ట్రాత్‌స్పేలు, రీల్స్ అనే స్కాటిష్ డాన్సు బాణీలు. జనం గంటల తరబడి గెంతాలంటే కమానులో ఊపు ఉండాలి. మామూలుగా కమానును కిందికి లాగేటప్పుడు బలం ఎక్కువ, పైకి నెట్టేటప్పుడు తక్కువ. ఈయనకు పైకి నెట్టేటప్పుడూ అదే బలం! కుర్రాడిగా ఒక పోటీలో వాయిస్తే, కళ్లు కనిపించని న్యాయనిర్ణేత "వందమందిలోనైనా ఈ చెయ్యి గుర్తుపడతాను" అన్నాడని చెబుతారు.

తమ్ముడు: మరి ఈ బాణీకి డాన్సు ఎవరు చేస్తారు?

అక్క: ఎవరూ చెయ్యరు. ఇది స్లో ఎయిర్, కూర్చుని వినేది. మొదటి భార్య మార్గరెట్ వైజ్‌మన్ పోయాక, 1768లో పెర్త్‌కి చెందిన మార్గరెట్ ఉర్కార్ట్‌ని చేసుకున్నాడు. ఆమె 1805లో పోయింది. ఆ తర్వాత వయొలిన్ ముట్టుకోలేదని, మళ్లీ పట్టుకున్నప్పుడు మొదట వచ్చింది ఇదేనని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1807లో ఆయనా వెళ్లిపోయాడు. బాణీ 1809లో అచ్చయింది, గౌ కుటుంబం తెచ్చిన ఐదో సంపుటిలో. దాని కింద చిన్న మాట రాశారు: ముప్పై ఏళ్లకు పైగా కలిసి బతికారని, ఆయనకంటే రెండేళ్ల ముందు ఆమె పోయిందని, ఆమెకు పిల్లలు లేరని.

తమ్ముడు: పేరులో మాత్రం 'రెండో భార్య' అనే ఉంది. ఆమె పేరే లేదు.

అక్క: నాకూ అదే బాధ. ఇద్దరి పేరూ మార్గరెట్టే కాబట్టి అలా పెట్టారేమో అనుకుంటాను. కానీ బాణీలో ఆమె ఉందిరా. అందులో ఏడుపు కంటే, అన్నేళ్లు తోడున్న మనిషి మీద ఇష్టమే నాకు ఎక్కువ వినిపిస్తుంది. అందుకే మేజర్ అతికినట్టు సరిపోయింది.

తమ్ముడు: వాయించడం కష్టమా?

అక్క: స్వరాలు కష్టం కాదు, నిదానమే కష్టం. ఉన్నవి రెండు భాగాలు. రెండో భాగంలో బాణీ పైకి ఎక్కుతుంది. అక్కడ నేను మొదట్లో కమాను గట్టిగా నొక్కేసేదాన్ని. శబ్దం పెద్దదయ్యేది, బాధ పోయేది. ఇప్పుడు చెయ్యి తేలిక చేసి, కమాను చివరిదాకా లాగి, ఒక్క ఊపిరి ఆగి దిగుతాను. ఉండు, ఆ భాగం ఒక్కటే వాయిస్తాను, విను.

[వయొలిన్]