రక్తం కలిస్తే జాతి చెడుతుందా?

శ్రోతలందరికీ నమస్కారం. రెండు వేరే జాతులు కలిస్తే ఏం పుడుతుంది అంటే మనకి వెంటనే గుర్తొచ్చేది కంచరగాడిదే కదా. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకి 62, పుట్టినదానికేమో 63, జతలు కుదరవు, అందుకే దానికి పిల్లలు పుట్టడం దాదాపు ఉండదు. సంకరం అంటే ఇంతేలే అని నేనూ చాలా రోజులు అనుకున్నా.

కానీ పసిఫిక్ మహాసముద్రంలోని గాలపాగోస్ దీవుల్లో డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవి ఉంది. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే దంపతులు 1973 నుంచి ఏళ్ల తరబడి అక్కడి ఫించ్ పిట్టల్ని పట్టుకుని, కాలికి రింగులు తొడిగి, ముక్కు కొలిచి, చుక్క రక్తం తీసి వదిలేసేవాళ్లు. 1981లో వేరే జాతి ఫించ్ మగపిట్ట ఒకటి దిగింది, ఒళ్లు పెద్దది, ముక్కు పెద్దది, పాట కూడా వేరే. 100 కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న ఎస్పానోలా దీవి నుంచి వచ్చిందని తర్వాత డీఎన్ఏలో తేలింది. అది అక్కడి ఆడపిట్టతోనే జతకట్టింది. మగపిల్లలు తండ్రి పాటే నేర్చుకుంటాయి, ఆ పాట దీవిలో ఆడపిట్టలకి పట్టలేదు, దాంతో ఈ పిల్లలు వాటిలో అవే జతకట్టడం మొదలుపెట్టాయి, రెండు మూడు తరాలు తిరిగేసరికి ఓ వేరే వంశమే నిలబడిపోయింది! కొత్త లక్షణం మ్యుటేషన్ల వల్లే, అంటే జీన్లలో వాటంతటవే వచ్చే మార్పుల వల్లే రావాలంటే ఎన్ని తరాలు పడుతుందో చెప్పలేం, సంకరమైతే పాత జీన్లనే ఒక్క తరంలో కొత్తగా కలిపి ఇచ్చేస్తుంది. నాకు ఇదే అద్భుతం అనిపిస్తుంది.

అయితే అయినవాళ్లలోనే తిరిగే వంశానికి ప్రమాదం కూడా ఉంది. అమెరికాలోని ఫ్లోరిడా పాంథర్లు, అంటే అక్కడి ప్యూమా అనే పెద్ద పిల్లి రకం, 1990ల్లో ఇరవై ముప్పైకి పడిపోయాయి, దగ్గర రక్తసంబంధాల్లోనే పుట్టీ పుట్టీ తోకలు వంకర తిరిగాయి, కొన్నిటికి గుండెలో చిల్లులు, మగవాటికి వీర్యం పాడైంది. జీన్లలో రకాలు ఉంటే ఏ రోగమొచ్చినా, ఏ కరువొచ్చినా తట్టుకునేవి కొన్నైనా ఉంటాయి, ఇక్కడ అదే కరువైపోయింది. 1995లో టెక్సాస్ నుంచి 8 ఆడ ప్యూమాల్ని తెచ్చి వదిలారు. ఫ్లోరిడా రకం కలుషితమైపోతుందేమో అని భయపడ్డవాళ్లున్నారు, ఆ భయం అర్థం చేసుకోదగ్గదే, కానీ వదలకపోతే కాపాడుకోడానికి ఆ రకమే మిగిలేది కాదని నా గట్టి నమ్మకం. వాటికి పుట్టిన పిల్లలు బలంగా ఉన్నాయి, వంకర తోకలు తగ్గాయి, సంఖ్య కొన్ని రెట్లు పెరిగింది. మిగిలిన టెక్సాస్ ప్యూమాల్ని 2003లో అక్కడినుంచి తీసేశారు, వాటి పిల్లలు మాత్రం ఆ చిత్తడి అడవుల్లోనే ఉండిపోయాయి.